చేమిరి కోసమైనా ఎదురింటి తలుపు తట్టు

ప్రశ్న: మేడమ్, మాది రాయదుర్గం. వయసు 31. బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో నాలుగేళ్లుగా ఒక్కణ్నే ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి. పోయిన నెల ఒక మంగళవారం మీటింగ్‌లో ఉండగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, 403లో పెద్దాయన చనిపోయారని. నాది 404. అందరూ దండం బొమ్మ పెడుతుంటే నేనూ పెట్టాను. కెమెరా ఆఫ్ చేసి తలుపు దాకా వెళ్లాను. బయట ఏడుపు వినిపిస్తోంది. ఆయన పేరు కూడా నాకు తెలియదు. ఏమని వెళ్లాలి అనిపించి మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఇరవై రోజులైంది. వాళ్లు కన్నడవాళ్లు. ఇప్పుడు ఆవిడ ఒక్కరే ఉంటున్నారు. లిఫ్టులో కనబడితే నేను ఫోన్ చూసుకుంటున్నాను. లాక్‌డౌన్ అప్పుడు ఏడాదిన్నర రాయదుర్గంలోనే ఉండి పనిచేశాను, అప్పుడు ఇలా లేదు. ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేయాలనిపిస్తోంది. ఏఐ వచ్చాక ఈ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో అనే టెన్షన్ ఎలాగూ ఉంది. మనల్ని ఇలా చేసింది ఈ ఫోన్లు, యాప్‌లే అంటారా?

సమాధానం:

నాయనా, నా కొడుకు ఈడువాడివి కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దండం బొమ్మ దగ్గర నాకేమీ అనిపించలేదు. అది అందరూ పెడతారు, నేనూ పెడతాను. నేను ఆగిపోయింది లిఫ్టు దగ్గర. ఆ మంగళవారం నువ్వు చేసింది ఒక్కరోజు తప్పు, అది జరిగిపోయింది. లిఫ్టులో చేస్తున్నది మాత్రం రోజూ కొత్తగా చేస్తున్నావు. అందుకని ఊరికి రావడం, ఏఐ, ఇవన్నీ కాసేపు పక్కన పెట్టు. ముందు 403కి వెళ్లు.

ఇరవై రోజులు ఆలస్యమేమీ కాదు. మన వైపు పరామర్శకు మూడు నెలల తర్వాత వచ్చేవాళ్లూ ఉంటారు, "ఊళ్లో లేము, ఆలస్యంగా తెలిసింది" అంటూ. నా అనుభవంలో దుఃఖం ఉన్న ఇంటికి మనిషి అసలు అవసరమయ్యేది ఇప్పుడే. మొదటి పదకొండు రోజులూ ఇల్లు నిండా చుట్టాలుంటారు. ఆవిడకు కూర్చుని ఏడవడానికి కూడా సందు ఉండదు. కర్మ అయిపోయి, షామియానా కుర్చీలు వెనక్కి పోయి, ఆఖరి చెల్లెలు బస్సెక్కాక మొదలవుతుంది అసలు సంగతి.

ఇంటి నుంచి పనిచేసే రోజు సాయంత్రం వెళ్లు. కొందరికి మంగళ, శుక్రవారాలు పట్టింపు ఉంటుంది, ఆ రెండూ మానుకో. చేతిలో ఏమీ పట్టుకెళ్లకు. ఫోన్ ఇంట్లోనే వదిలిపెట్టు, పది నిమిషాల్లో ఏమీ మునిగిపోదు. బెల్లు కొట్టి, ఎదురింటి అబ్బాయినని చెప్పు. "ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నానమ్మా, రాలేకపోయాను" అను. పని ఒత్తిడి, మీటింగ్ అంటూ కారణాలు చెప్పకు. చెప్పావో, నీకు సర్దిచెప్పే పని ఆవిడ మీద పడుతుంది. కాసేపు కూర్చో. ఆవిడ మాట్లాడితే విను, లేకపోతే ఊరికే ఉండు. ఆయన పేరు తెలియదని సిగ్గుపడుతున్నావు కదా, ఆ పేరు ఆవిడనే అడుగు. పోయినవాళ్ల గురించి చెప్పమని అడిగేవాళ్లు దొరకరు, అందరూ మాట మార్చేవాళ్లే. లేచేటప్పుడు "వెళ్లొస్తాను" అనకూడదని మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. చెప్పకపోతే ఇప్పుడు గుర్తుపెట్టుకో. మాట్లాడకుండా లేచి వచ్చెయ్యాలి.

భాష సంగతా? రాయదుర్గం అబ్బాయివి, నీకు కన్నడం రాదంటే నేను నమ్మను. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మీ ఊరు బళ్లారి జిల్లాలోదే. ఆలూరు, ఆదోని కర్నూలుకు వచ్చినప్పుడే మీరు అనంతపురానికి వచ్చారు. మీ ఇంట్లో ముసలివాళ్లెవరైనా ఇప్పటికీ "ఊట ఆయ్తా?" అనే పలకరిస్తూ ఉంటారు. ఆ రెండు మాటలు చాలు.

ఇక ఫోన్ల మీద నీ ఫిర్యాదు. ఇది నాకు కొంచెం సొంత వ్యవహారం. నేను 1984లో టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్‌గా చేరాను. చెవులకు హెడ్‌సెట్, ఎదురుగా బోర్డు, తీగల పిన్నులు రంధ్రాల్లో గుచ్చి లైన్లు కలపడం. ట్రంక్ కాల్, అంటే ఆపరేటర్ ద్వారా వేరే ఊరికి కలిపే ఫోన్, అందులో మామూలు, అర్జెంటు, లైట్నింగ్ అని రకాలుండేవి. అర్జెంటుకు రెట్టింపు, లైట్నింగ్‌కు ఎనిమిది రెట్లు డబ్బు. లైట్నింగ్ అని బుక్ చేశారంటే ఏదో చావుకబురని బోర్డు మీద అందరికీ తెలిసిపోయేది. పీపీ కాల్ అని ఇంకోటి ఉండేది. పర్టిక్యులర్ పర్సన్, అంటే చెప్పిన మనిషే లైన్లోకి రావాలి. జనం ఆ రెండక్షరాలను తమ అవసరానికి వాడేసుకున్నారు. శుభలేఖల మీద, విజిటింగ్ కార్డుల మీద పక్కింటివాళ్ల నంబరు వేసి, పక్కన పీ.పీ. అని అచ్చు వేయించుకునేవారు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నా నంబరు అంటూ పక్కింటివాళ్లది ఇవ్వడమేమిటని.

అనంతపురం పాతూరులో మా సందు మొత్తానికి ఒకే ఫోను, కిరాణా అంగడి సెట్టిగారిది. నేను ఎక్స్చేంజిలో పనిచేస్తున్నా మా ఇంట్లో ఫోను లేదు. సెట్టిగారు గొప్ప మనసున్న మనిషేమీ కాదు. "మీ అందరి ఫోన్లు మోయడానికే నేను అంగడి పెట్టినట్టుంది" అని సణిగేవాడు. మనం మాట్లాడుతుంటే బియ్యం కొలుస్తూ చెవి ఇటే పెట్టేవాడు. మా అక్కకు ఒక సంబంధం తప్పిపోయిందని ఫోన్ వస్తే, మా నాన్న అంగడి నుంచి ఇంటికి వచ్చేలోపలే మా అమ్మకు తెలిసిపోయింది. అమ్మ వారం రోజులు ఆ అంగడికి పోలేదు. ఎనిమిదో రోజు చింతపండు అయిపోయి పోయింది. ఆ తర్వాత ఒక రాత్రి సెట్టిగారి తల్లి జారిపడి తుంటి విరిగితే మంచం పట్టుకున్న నలుగురిలో మా నాన్న ఒకడు. ప్రేమతో పోయాడంటే నేను నమ్మను. ఆ ఇంటికి మేము బాకీ. ఎన్ని ఫోన్లు అందుకున్నాము మరి!

ఆ రోజులను బంగారం చేసి చెప్పడం నాకిష్టం లేదు. అదే సందులో ఇల్లు అద్దెకు అడిగితే మొదటి ప్రశ్న "మీరే కులస్తులు", రెండోది "మాంసం వండుతారా". ఆడపిల్ల ఇంటికి ఎన్నింటికి వచ్చిందో లెక్కపెట్టడానికి అరుగుల మీద మనుషులుండేవారు. నైట్ డ్యూటీ చేసే నాకు ఆ లెక్కలు బాగా తెలుసు. మీ బెంగళూరులో ఎవరూ ఎవరినీ పట్టించుకోకపోవడంలో ఎంతోమందికి ఊపిరి తీసుకునే వీలు దొరికింది. దాన్ని తక్కువ చేయకు.

నేను చెప్పదలచుకున్నది అక్కడ లేదు. ఫోను లేనప్పుడు మనకు పక్కింటివాళ్లతో పని పడేది. ఎవరి ఫోను వాళ్లకు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు గ్యాసు, పాలు, మాత్రలు, కరివేపాకుతో సహా ఫోన్‌లోనే తెప్పించుకుంటున్నాం. మా అమ్మాయి కాన్పుకు బెంగళూరు వచ్చి ఎనిమిది నెలలున్నాను. గేటు దగ్గర ఎవరొచ్చినా ఆమె ఫోన్ గుర్రుమనేది, లోపలికి పంపాలా వద్దా అని. సోఫాలో కూర్చుని వేలితో నొక్కేది, సంచి తలుపు దగ్గరికి వచ్చేసేది. సౌకర్యమే, కాదనను. ఆ ఎనిమిది నెలల్లో పక్క ఫ్లాటు మనిషితో నేను మాట్లాడింది ఒక్కసారే, అదీ వాళ్ల సంచి మా గుమ్మం ముందు పెట్టిపోయినప్పుడు. కళ్యాణదుర్గం నుంచి వచ్చి మెట్లు ఊడ్చే అమ్మాయితో మాత్రం రోజూ మాట్లాడేదాన్ని. నాలుగు అంతస్తుల సంగతులూ ఆమెకు తెలుసు. మీ 403 ఆయన పేరు కూడా మీ అపార్ట్‌మెంట్‌లో ఊడ్చేవాళ్లకు, వాచ్‌మన్‌కు తప్పకుండా తెలిసి ఉంటుంది.

అలాగని తెర మీద మనుషులు ఉత్తుత్తి మనుషులు, గుమ్మం ముందున్నవాళ్లే నిజం అనే మాట కూడా నాకు ఎక్కదు. గుంతకల్లు బోర్డు మీద ఒకావిడ ఉండేది. పదకొండేళ్లు రోజూ ఆమె గొంతు విన్నాను, ముఖం చూడలేదు. లైన్లు ఖాళీగా ఉన్న రాత్రిళ్లు ఇద్దరం కూరల గురించి, అత్తగార్ల గురించి చెప్పుకునేవాళ్లం. మా నాన్నకు గుండెనొప్పి వచ్చిన రాత్రి బళ్లారిలో ఉన్న మా అక్కకు కబురు అందాలి. లైన్ దొరకడం లేదు. ఆమె ఇంకెక్కడి నుంచో తిప్పి, గంటసేపు పట్టు వదలకుండా కలిపింది. అక్క గొంతు వినబడగానే తన పిన్ను తీసేసి, మళ్లీ తెల్లవారుజామున నాకు చేసింది, "నాయనకు ఎట్లుంది?" అని. అప్పటికే నాన్న పోయాడు. నేను ఏమీ చెప్పకపోయినా ఆమెకు అర్థమై, అట్లే లైన్లో ఉండిపోయింది. కాబట్టి అమెరికాలో ఉన్న నీ టీమ్ వాళ్లతో నీకున్న స్నేహం దొంగదేమీ కాదు. కాకపోతే తెల్లారాక మా ఇంట్లో పొయ్యి వెలగదు కదా. అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది సెట్టిగారి భార్య.

ఇప్పుడు నీ లాక్‌డౌన్ సంగతి. రాయదుర్గంలో ఏడాదిన్నర అలా లేదన్నావు. ఒక్క ప్రశ్న అడుగుతాను, నిజం చెప్పు. ఆ ఏడాదిన్నరలో నువ్వు ఎన్నిసార్లు పక్కింటికి వెళ్లావు? నా ఊహ ఏమిటంటే, నువ్వు లోపలి గదిలో తలుపేసుకుని ల్యాప్‌టాప్ ముందు ఉన్నావు, వెళ్లింది మీ అమ్మ. పక్కింటి పాపకు జ్వరమని తెలుసుకుంది ఆమె. ఎదురింట్లో పప్పు పంపితే ఆ గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని నాలుగు వడియాలు వేసి పంపింది ఆమె. ఎవరి కొడుకు ఎక్కడ చదువుతున్నాడో, ఎవరి తద్దినం ఎప్పుడో గుర్తుపెట్టుకున్నది ఆమె. ఆ కబుర్లు నీకు భోజనం దగ్గర వినబడేవి. నీకు ఊరంటే గుర్తొస్తున్నది అదే. అది ఊరి గాలిలో ఉండే గుణమనుకున్నావు. అది మీ అమ్మ రోజుకు రెండు గంటలు చేసిన పని, నాయనా. జీతం లేదు, పేరు లేదు, కాబట్టి పనిలా కనబడలేదు. మగవాళ్లు చాలామందికి కనబడదు, నీ ఒక్కడినే అనడం లేదు. మా ఇంట్లోనూ అంతే. నేను ఎక్స్చేంజికి పోతే ఆ పనంతా మా అత్తగారు చేసేది. ఆవిడ పోయిన ఏడాదికి మా ఇంటికి ఎవరూ రావడం లేదని నాకు అర్థమైంది, ఎందుకో అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

కాబట్టి ఉద్యోగం మానేసి వస్తే ఏమవుతుంది? ఇక్కడ అనంతపురంలోనూ అపార్ట్‌మెంట్లు లేచాయి, గ్రిల్లు తలుపులు, సీసీ కెమెరాలు అన్నీ వచ్చాయి. మీ రాయదుర్గంలో మీ అమ్మ ఉన్నంతకాలం ఆమె పరపతి మీద గడుస్తుంది. ఆ తర్వాత నువ్వు మళ్లీ 404లో ఉన్నట్టే ఉంటావు, అద్దె తక్కువ, అంతే తేడా. నీ తల్లిదండ్రులను చూసుకోవాలనో, ఇక్కడ ఏదైనా చేయాలనో ఉంటే వచ్చెయ్, అది వేరే సంగతి, దానికి నేను అడ్డు చెప్పను. 403 ముందు నుంచి తప్పించుకోవడానికైతే రావద్దు.

ఏఐ భయానికి నా దగ్గర మందు లేదు. నా ఉద్యోగాన్నీ యంత్రమే మింగింది. ఆపరేటర్ లేకుండా నేరుగా వేరే ఊరికి నంబరు తిప్పుకునే ఎస్టీడీ 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. అది మా దాకా రావడానికి చాలా ఏళ్లే పట్టింది గానీ, వచ్చాక బోర్డులు ఎత్తేశారు. మమ్మల్ని ఎంక్వయిరీకి, బిల్లుల కౌంటర్లకు సర్దారు. ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి సర్దారు, నీకు ఆ భరోసా లేదని తెలుసు. ఆఖరికి 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో వీఆర్ఎస్ తీసుకుని దేశమంతటా 78 వేల మందికి పైగా ఒకేరోజు బయటికి వచ్చాం, అందులో నేనొకదాన్ని. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టు, కొత్తది నేర్చుకుంటూ ఉండు. అంతకన్నా నేను చెబితే అది తెలిసీ తెలియని సలహా అవుతుంది. ఒకటి మాత్రం గమనించు. ఉద్యోగం పోతుందేమోననే దిగులు, పెద్దాయన దగ్గరికి వెళ్లలేదనే దిగులు, రెండూ కలిసి నీ మీద పడ్డాయి. రెండింటికీ కలిపి ఒకే రాజీనామా రాయాలనుకుంటున్నావు.

403కి తిరిగి వద్దాం. పరామర్శ అయ్యాక చాలామంది అక్కడే ఆగిపోతారు. "ఏదైనా కావాలంటే చెప్పండమ్మా" అని నంబరిచ్చి వస్తారు. ఎవరూ చెప్పరు. నీకు జ్వరమొస్తే నువ్వు చెబుతావా? ఆ వయసు మనిషి కొత్తగా ఒకరి ముందు చెయ్యి చాచదు. అందుకని నువ్వే ఆవిడను ఏదో ఒకటి అడగాలి. నువ్వు బాకీ పడాలి. చేబదులు అన్న మాట మనకు ఊరికే రాలేదు. ఆవిడ నీకు ఇచ్చిందనుకో, నీ దగ్గర అడగడానికి ఆవిడకు మొహమాటం తగ్గుతుంది.

ఆవిడకు నీతో పడే పనులు కూడా ఉంటాయి. కరెంటు బిల్లు, గ్యాసు బుకింగ్, బ్యాంకు, ఇవన్నీ ఆయనే చూసి ఉంటే ఇప్పుడు ఆ ఫోన్ ఆవిడ చేతిలో రాయిలా ఉంటుంది. ఆయన పెన్షనరైతే ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, ఆ తర్వాత ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఉంటాయి. మా వీధిలో నవంబర్ వస్తే ముగ్గురు పెద్దవాళ్లు మా ఇంటికే వస్తారు. పోయిన ఏడాది ఒకావిడను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోన్ ముఖానికి ఎదురుగా పట్టాను. తెర మీద గుండ్రటి గీత, దాంట్లో ముఖం పట్టాలి, కళ్లు ఆర్పాలి. ఆవిడ ఫోటో తీస్తున్నారనుకుని రెప్ప వేయకుండా బిగబట్టుకుని కూర్చుంది. "ఆర్పమ్మా" అంటే రెండు కళ్లూ గట్టిగా మూసేసింది. మూడుసార్లు తప్పింది. కళ్లద్దాలు తీశాం, పెట్టాం. నాలుగోసారి పచ్చ టిక్కు పడితే "బతికే ఉన్నానంటనా?" అని అడిగి, ఆవిడా నవ్వింది, నేనూ నవ్వాను. మర్నాడు అలసంద వడలు పంపింది. ఇలాంటి పనిలో నువ్వు నాకంటే మొనగాడివి. ఒక్క జాగ్రత్త: పిన్ను, ఓటీపీ నువ్వు తెలుసుకోవద్దు, ఆవిడ చేతే నొక్కించు. ఆవిడ పిల్లలెవరైనా ఉంటే వాళ్ల నంబరు తీసుకుని, నేను ఎదురింట్లో ఉంటానని వాళ్లకూ చెప్పు. రాత్రివేళ ఏదైనా అయితే 108కి చేసి, వెంటనే మీ తలుపు కొట్టమని ఆవిడకు చెప్పు. అంతదూరం రావడానికి నెలో రెండు నెలలో పడుతుంది, తొందరపడకు.

మొదట ఏం అడగాలో తెలియకపోతే చేమిరి అడుగు. నువ్వు ప్యాకెట్ పెరుగు తినేవాడివని నాకు తెలుసు, ఒంటరి మగపిల్లలందరూ అదే తింటారు. పరామర్శకు వెళ్లొచ్చిన వారం తర్వాత చిన్న గిన్నె పట్టుకుని వెళ్లి, "ఇంట్లో పెరుగు తోడు పెట్టుకుందామనుకుంటున్నాను, కొంచెం చేమిరి ఇస్తారా అమ్మా" అను. కన్నడంలో హెప్పు అంటారు. ఆవిడ గిన్నెలో ఇస్తే మీ అమ్మ పంపే శెనక్కాయల పొడి వేసి తిరిగి ఇవ్వు. తీపి వద్దు, వాళ్లకు ఇది ఏటిసూతకం ఉన్న ఏడాది.

పాలు కాచి, చిటికెన వేలు పెడితే ఓర్చుకోగలిగేంత గోరువెచ్చగా అయ్యాక కలుపు. మరీ వేడిగా ఉంటే విరుగుతుంది, చల్లారిపోతే తోడుకోదు. బెంగళూరు చలికి గిన్నె చుట్టూ ఒక తుండుగుడ్డ కట్టి పెట్టు. తెల్లారేసరికి నీళ్లలాగే ఉందనుకో, మళ్లీ వెళ్లి అడుగు. ఎక్కడ తప్పు చేశావో ఆవిడే చెబుతుంది.